ఇంటి పన్ను ఏటా పెరుగుతోంది, మరి డ్రైనేజీ ఎప్పుడు?

శివారువాసి: ఆంధ్రాలో మాది ఊరి చివర కాలనీ. అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి, మురుగు మాత్రం ఇంకా ఖాళీ ప్లాట్లలోకే. మొన్నటి వానకి మా గుమ్మం మెట్టు దాకా నల్లటి నీళ్లు. ఇంటి పన్నేమో ఏటా పెరుగుతోంది. ఎందుకండీ?

పాత బిల్లు: 2021 ఏప్రిల్ నుంచి ఇంటికి వచ్చే అద్దె విలువ మీద పన్ను లెక్క పోయి, ఆస్తి విలువ మీద పన్ను వచ్చిందండీ. ఒక్కసారే భారం పడకుండా పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదన్నారు. అంటే 3,000 కట్టినవారికి మరుసటేడు 3,450, ఆపైన 3,967 దాకా. ఆస్తి విలువ లెక్కన పడాల్సిన పన్నుకి చేరేవరకూ ఇంతే. ఖాళీ స్థలాల పన్ను సంగతీ అడగండి. ప్లాట్లు కొని వదిలేసినవాళ్లు ఎగ్గొడితే ఆ బరువూ మనమీదే.

గోదారి: పన్నొక్కటే చాలదు, పైపులెయ్యాలంటే డబ్బు ముందే కావాలి. హైదరాబాద్ కార్పొరేషన్ 2018 ఫిబ్రవరిలో బాండ్లతో, అంటే అప్పు పత్రాలమ్మి, 200 కోట్లు తెచ్చింది, వడ్డీ 8.9 శాతం. అప్పు తీర్చాల్సింది మళ్లీ ఊరి ఆదాయంలోంచే కదా.

శివారువాసి: కట్టనని కాదండీ. మా వార్డులో ఎంత వసూలైంది, కాలవలకి ఎంత పెట్టారు, వార్డు సచివాలయం గోడ మీద రాసి పెట్టమంటున్నాను. కాలనీవాళ్లమంతా సంతకాలు చేసి అర్జీ ఇస్తున్నాం.