పైన్ చెట్లు అవే, కింద నేల మాత్రం ఎందుకింత తేడా? ఫిన్లాండ్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

ఎస్పో_నాన్న:
మేముండేది దక్షిణాన, హెల్సింకి పక్కనున్న ఎస్పోలో. సెలవు దొరికితే నూక్సియో అడవికి పోతుంటాం, అక్కడ ఎటు చూసినా ముస్తిక్కా (అడవి బ్లూబెర్రీ) పొదలే, పిల్లల మూతులు నీలంగా చేసుకుని వస్తాం. మొన్న ఆగస్టులో ఉత్తరాన ఔలు వైపు వెళ్తూ రోకువా నేషనల్ పార్కులో ఆగాం. అవే పైన్ చెట్లు, కానీ కింద పొదలు దాదాపు లేవు, ఎవరో దూది ఏకి పరిచినట్టు నేలంతా తెల్లటి లైకెన్ (చూడ్డానికి నాచులా నేలని పట్టుకుని పెరిగేది). ఉత్తరానికి వచ్చాం కాబట్టి చలి వల్లేనా? ఇంకోటి, మా పాప స్కూల్ క్రాఫ్ట్ కోసం అది ఒక కవరు నిండా ఏరి తెచ్చింది, పర్లేదా?

చలిపులి:
చలే అన్నా. పైకి పోయేకొద్దీ పొదలు బతకవు, లైకెన్ ఒక్కటే మిగులుతుంది. లాప్‌లాండ్‌లో రెయిన్‌డీర్లు చలికాలమంతా తినేది అదే కదా.

అడవి_అక్క:
రెయిన్‌డీర్ల మాట నిజమే కానీ చలి కాదు తమ్ముడూ. చలే అయితే దేశానికి దక్షిణపు కొసన ఉన్న హాంకో ఇసుక దిబ్బల మీద ఆ లైకెన్ ఎందుకుంది, లాప్‌లాండ్‌లో ముస్తిక్కా అంత ఎందుకు కాస్తోంది?

సంగతంతా నేలలో ఉంది. మంచుయుగం చివర కరిగిన నీళ్లు తెచ్చి పోసిన ఇసుక రోకువాది, తర్వాత గాలికి దిబ్బలు కట్టింది. వాన పడితే జల్లెడలో పోసినట్టే, నీళ్లతో పాటు పోషకాలు కూడా కిందికి పోతాయి. లైకెన్‌కి వేర్లే లేవు, మంచూ వానా పడ్డప్పుడు తాగి, ఎండ కాస్తే ఎండిపోయి నిద్రపోతుంది, మళ్లీ తడి తగిలితే లేస్తుంది. అందుకని అక్కడ బతికేస్తుంది, అంతేగానీ ఇసుక మీద ప్రేమేం కాదు. సారం ఉన్న చోట నాచు, పొదలు దాన్ని కప్పేస్తాయి. పైన్ కథ కూడా ఇంచుమించు అదే, మంచి నేలలో ఇంకా బాగా పెరుగుతుంది, కానీ అక్కడ స్ప్రూస్ (పైన్ లాంటిదే, ఇంకో సూదాకుల చెట్టు) దాని నీడలోనే మెల్లగా లేచి చివరికి చోటు లాగేసుకుంటుంది. నిప్పు అంటుకుంటే మాత్రం లెక్క మారుతుంది, ముదిరిన పైన్‌కి బెరడు మందం, స్ప్రూస్‌కి పల్చన.

నేలలో కాస్త తేమ ఉంటే కనెర్వా (హెదర్ పొద), ఇంకాస్త ఉంటే పువోలుక్కా (ఎర్ర పండ్ల లింగన్‌బెర్రీ), ఆపైన ముస్తిక్కా. ఆ వరుస చూడాలంటే రోకువా దాకా పోనక్కర్లేదు, నూక్సియోలోనే లోయ నుంచి బండ మీదికి ఎక్కండి.

కంగస్_కుర్రాడు:
అక్క చెప్పిన వరుస మీదే ఇక్కడి అటవీశాస్త్రం నడుస్తుంది. చెట్లను కాదు, కింద పెరిగేవాటిని చూసి నేల సత్తా చెప్పొచ్చని కయాండర్ అనే ఆయన 1909లో రాశాడు, ముస్తిక్కా రకం, పువోలుక్కా రకం, లైకెన్ రకం అని అడవులకు పేర్లు పెట్టాడు. ఆయనే తర్వాత మూడుసార్లు ఈ దేశానికి ప్రధాని అయ్యాడు, యుద్ధం మొదలైన 1939లో కూడా కుర్చీలో ఆయనే. ఇలాంటి మెట్ట అడవిని ఫిన్నిష్‌లో కంగస్ అంటారు, ఆ మాటకి బట్ట అని కూడా అర్థం, మొదట్లో నేను తెగ కన్ఫ్యూజ్ అయ్యాను.

పాప కవరు గురించి: పండ్లు, పుట్టగొడుగులు ఎవరి అడవిలోనైనా కోసుకోవచ్చు, కానీ లైకెన్, నాచు తీయాలంటే స్థలం యజమాని ఒప్పుకోవాలి. నేషనల్ పార్కులో అసలే కూడదు. లైకెన్ ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్లు, పాప తెచ్చింది వయసులో పాప కంటే పెద్దదై ఉంటుంది.

మసాలా_డబ్బా:
మనం బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. టాపిక్ కాదు, ఊరికే చెప్పా.

ఎస్పో_నాన్న:
అయ్యో, తెలీక చేశాం, ఇకపై ముట్టం. నిన్న నూక్సియో వెళ్లి బండ ఎక్కాం అక్కా. కింద చెరువు పక్కన స్ప్రూస్, ముస్తిక్కా, సగం దూరంలో పువోలుక్కా మొదలు, పైన పొట్టి పైన్ చెట్లు, వాటి కింద తెల్లగా అదే! కాలు పెడితే అప్పడంలా కరకరమంది.

అడవి_అక్క:
ఎండినప్పుడు తొక్కకండి, పొడైపోతుంది. వాన పడ్డాక వెళ్తే స్పంజిలా మెత్తగా ఉంటుంది, అప్పుడు కూడా బాట మీదే నడవండి.