జియోట్యాగ్‌ని తెలుగులో ఏమందాం? జాడా, ఆనవాలా, ఆచూకీనా?

బాటసారి:
అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి.

నా ప్రయాణాల ఫోటోలతో తెలుగులో ఒక ఆల్బమ్ కూరుస్తున్నాను. నా కెమెరా పాతది, లోపల జీపీఎస్ లేదు. అందుకని ఫ్లాష్ బిగించే గాడిలో చిన్న జీపీఎస్ రిసీవర్ తగిలించుకుని తిరుగుతాను. బటన్ నొక్కిన ప్రతిసారీ అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం ఫోటో ఫైల్లోకి ఎక్కిపోతాయి. దీన్నే జియోట్యాగ్ అంటున్నారు. ఆల్బమ్‌లో ప్రతి ఫోటో కిందా ఆ అంకెలు వేసి, వాటి ముందు ‘చిత్రస్థలం’ అని రాశాను.

మొన్న ఒక స్నేహితురాలికి చూపిస్తే, మంచు శిఖరం ఫోటో కింద ఉన్న అంకెల్ని మ్యాప్‌లో వేసి చూసింది. “ఇక్కడ వాగు మీద వంతెన ఉంది, శిఖరం ఏదీ?” అని అడిగింది. రిసీవర్ సరిగ్గానే రాసింది. నేను నిలబడింది ఆ వంతెన మీదే. శిఖరం అక్కడికి పది కిలోమీటర్ల పైమాటే. తప్పు నేను పెట్టిన పేరులో ఉంది. ‘చిత్రస్థలం’ అంటే ఎవరైనా బొమ్మలో కనిపించే చోటనే అనుకుంటారు కదా. మరి ఏమనాలి? ‘భూచిహ్నం’ అని ఎక్కడో చూశాను కానీ, అది విని ఎవరికీ ఏమీ తెలియదనిపించింది.

తెలుగుపలక:
‘జాడ’ అనండి. అడుగుజాడ, జాడ తీయడం, జాడ తెలియకపోవడం, ఇవన్నీ అందరి నోళ్లలో ఉన్నవే. పైగా మీకు వచ్చిన చిక్కు కూడా తీరుతుంది. జాడ ఎప్పుడూ నడిచినవాడిదే, చూసిన కొండది కాదు. ‘ఫోటో జాడ’ అంటే సరిపోతుంది. కొత్తగా సంస్కృత సమాసం కట్టే పనే లేదు.

కొండగాలి:
జాడ అనే మాట నాకూ ఇష్టమే, కానీ తెలుగుపలక గారూ, దాన్ని ఇక్కడ ఖర్చు పెట్టేయకండి. ఇంకో దానికి అది చాలా అవసరం.

ఈ జీపీఎస్ పరికరాలు మొదటినుంచీ రెండు రకాలు. సోనీ వాళ్లు 2006లో తెచ్చిన జీపీఎస్-సీఎస్1 ని చూడండి. దానికీ కెమెరాకీ వైరు లేదు, ఏ సంబంధమూ లేదు. సంచికి తగిలించుకుని నడుస్తుంటే 15 సెకన్లకోసారి మనం ఉన్న చోటు రాసుకుంటూ పోతుంది. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో ఫోటో తీసిన సమయాన్నీ ఆ పట్టీలోని సమయాన్నీ సరిపోల్చితే ఏ ఫోటో ఎక్కడిదో తేలుతుంది. 2008లో వచ్చిన నికాన్ జీపీ-1 తీరు వేరు. కెమెరాకి వైరుతో కలిపితే, నొక్కిన క్షణంలో ఉన్న చోటు నేరుగా ఆ ఫోటోలోనే పడుతుంది.

మొదటిది రాసేది ఒక గీత. మనం ఫోటో తీయకుండా దాటేసిన మలుపులు కూడా అందులో ఉంటాయి. రెండోది పెట్టేది ఒక చుక్క. తెలుగులో జాడ అంటే నాకు గీతే కనిపిస్తుంది. బండి జాడ, పాము జాడ, చీమల జాడ, ఏదైనా ఒకచోట మొదలై ఇంకోచోటికి సాగేదే. అందుకని నేను మాత్రం ఆ గీతని, అంటే ట్రాక్ లాగ్‌ని, జాడ అంటాను. మీ చుక్కకి వేరే మాట వెతకాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, మాట గురించి కాకపోయినా. జాడతో సరిపోల్చేవాళ్లు కెమెరా గడియారం సరిచూసుకోకపోతే అంతా తారుమారవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండిలోంచి తీసిన ఫోటోకి, గడియారం ఐదు నిమిషాలు తప్పితే చోటు 5 కిలోమీటర్లు తప్పుతుంది. వేరే దేశానికి వెళ్లి కెమెరాలో టైమ్ మార్చడం మరిచిపోతే ఇక చెప్పక్కర్లేదు. నేను రోజూ మొదటి ఫోటోగా ఫోన్‌లోని జీపీఎస్ గడియారాన్నే, సెకన్లు కనబడేలా తీసి పెట్టుకుంటాను. తేడా ఎంతో ఆ ఒక్క ఫోటోతో తెలిసిపోతుంది.

తాళపత్రం:
మంచి చర్చ. చుక్కకి ‘ఆనవాలు’ ఎలా ఉంటుంది? సీతమ్మకి హనుమంతుడు ఇచ్చిన ఉంగరం ఆనవాలు. ఆవిడ తిరిగి పంపిన చూడామణి ఆనవాలు. వెళ్లి వచ్చానని నమ్మించేది ఆనవాలే కదా.

పనిలో పనిగా అక్షాంశం, రేఖాంశం గురించి కూడా. ఈ రెండు మాటలూ మనకి బడి పుస్తకాల్లో ఎదురవుతాయి కాబట్టి కొత్తవనుకుంటాం. కానీ పాత జ్యోతిషంలో ‘రేఖ’ అంటే ఏదో ఒక గీత కాదు. లంక నుంచి ఉజ్జయిని మీదుగా మేరువు దాకా సాగే ఆ మధ్యరేఖ. ఇవాళ గ్రీనిచ్‌కి ఉన్న పని అప్పట్లో దానిది. ఆ రేఖకి తూర్పునో పడమరనో ఎంత దూరంలో ఉన్నామో దాన్ని ‘దేశాంతరం’ అన్నారు. హిందీ వాళ్లు లాంగిట్యూడ్‌కి ఇప్పటికీ అదే మాట వాడుతున్నారు. మనకి దేశాంతరం పోవడమంటే పరాయి దేశం వెళ్లిపోవడం. దూరాన్ని కొలిచే మాట, ఆ దూరం పోవడాన్ని చెప్పే మాట ఒకటే కావడం నాకు భలే నచ్చుతుంది. ప్రయాణాల ఆల్బమ్‌కి ఇంతకంటే తగిన మాట ఉంటుందా?

ఇంకొకటి. డిగ్రీలో అరవయ్యో వంతుని నిమిషమనీ, అందులో అరవయ్యో వంతుని సెకననీ రాస్తుంటే పక్కనే ఉన్న గడియారం నిమిషాలతో కలిసిపోయి తికమక అవుతుంది. పంచాంగం లెక్కల్లో వీటికి భాగ, కళ, వికళ అని చక్కటి పేర్లున్నాయి. అక్షాంశంలో ఒక వికళ అంటే నేల మీద దాదాపు 31 మీటర్లు. పేరు చిన్నది, కొలత కూడా మనిషి కంటికి ఆనేంత.

బాటసారి:
తాళపత్రం గారూ, దేశాంతరం సంగతి నాకు తెలియదు, ధన్యవాదాలు. ముందుమాటలో తప్పకుండా రాస్తాను. కళ, వికళ మాత్రం నాకు ధైర్యం చాలడం లేదు. చదివేవాళ్లు ఆ అంకెల్ని మ్యాప్‌లో వేసి చూసుకోవాలని నా కోరిక. అక్కడ డిగ్రీ, నిమిషం అనే ఉంటాయి.

ఆనవాలు గురించి ఒక సందేహం. నాలుగు గోడల మధ్యా గుహల్లోనూ ఉపగ్రహాలు అందవు. అప్పుడు కొన్ని రిసీవర్లు ఏమీ రాయవు, కొన్ని చివరిసారి అందిన చోటునే రాస్తాయి. నా దగ్గరున్నది రెండో రకం. గుహ లోపల తీసిన ఫోటోలన్నిటికీ గుహ ముందున్న చెట్టు దగ్గరి అంకెలే పడ్డాయి. నమ్మించేదే ఆనవాలు అయితే, ఇవి నమ్మించి పొరపాటు చేయిస్తున్నాయి. అంత గట్టి మాట వీటికి ఇవ్వాలంటే మనసు ఒప్పడం లేదు.

తెలుగుపలక:
‘ఆచూకీ’ని కూడా ఒకసారి చూడండి. ఫలానావాళ్ల ఆచూకీ తెలిసింది అంటాం. సరిగ్గా చోటు చెప్పే మాటే.

కొండగాలి:
దయచేసి అది వద్దు. ఆచూకీ వెతికేవాడి మాట. ఎవరో తప్పిపోతేనో, ఎవరినో పట్టుకోవాలంటేనో వాడతాం. ఇది నాకు బాగా పట్టింపున్న విషయం, కాస్త ఓపిక పట్టండి.

ఒకసారి అరుదైన పక్షి గూడు ఫోటో తీసి, అంకెలు తీసేయకుండా నలుగురికీ పంపించాను. వారం తిరిగేసరికి ఆ చెట్టు కింద పదిమంది కెమెరాలతో నిలబడ్డారు. పక్షి గూడు వదిలి వెళ్లిపోయింది. నా దగ్గర జ్ఞాపకంగా ఉన్న అవే అంకెలు వాళ్ల చేతుల్లో ఆచూకీ అయ్యాయి. అప్పటినుంచి గూళ్లు, పిల్లలు, ఎవరి ఇల్లైనా కనిపించే ఫోటోలు బయటపెట్టే ముందు అంకెలు తుడిచేస్తున్నాను. ఫోటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఆ వీలు ఉంటుంది. అసలు ఫైల్ మన దగ్గర అంకెలతోనే ఉంచుకుని, పంపే కాపీలో మాత్రం తీసేయొచ్చు. కాబట్టి ఆచూకీ అనే మాటని ఆ హెచ్చరిక దగ్గర వాడుకోండి: ‘పంపే ముందు ఆచూకీ తుడిచేయండి’. అక్కడ అది సూటిగా తగులుతుంది.

తాళపత్రం:
ఒప్పుకుంటున్నాను. ఆనవాలు కూడా వెనక్కి తీసుకుంటున్నాను, గుహ సంగతి విన్నాక.

అయితే బాటసారి గారి మొదటి చిక్కు ఇంకా అలాగే ఉంది. ఫోటో తీసినవాడి చోటు, ఫోటోలో ఉన్నదాని చోటు, ఈ రెండిటికీ తేడా చూపే మాట కావాలి. ఆ ఫైల్ పద్ధతిలోనే ఈ తేడా ఉందా?

కొండగాలి:
ఉందండి. ఫోటో ఫైల్లో ఈ వివరాలు ఉండే పద్ధతిని ఎక్సిఫ్ అంటారు. అందులో కెమెరా ఉన్న చోటుకి ఒక గడి, చూస్తున్న దిక్కుకి ఇంకో గడి, అవతలి వస్తువు ఉన్న చోటుకి విడిగా మరో గడి ఉన్నాయి. మూడోది నింపేవాళ్లు బాగా తక్కువ. దిక్కు కావాలంటే రిసీవర్లో దిక్సూచి ఉండాలి. 2012లో వచ్చిన కానన్ జీపీ-ఈ2 లో అది ఉంది. నికాన్ జీపీ-1 లో లేదు. బాటసారి గారూ, మీదాంట్లో ఉందా?

బాటసారి:
ఉంది! అంకెలు పడుతూనే ఉన్నాయి కానీ నేనే ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. ఇప్పుడే ఆ వంతెన ఫోటో తెరిచి చూశాను. 42 డిగ్రీలు అని ఉంది. ఉత్తరం నుంచి తూర్పు వైపుకి లెక్క కాబట్టి, ఈశాన్యమే. మ్యాప్‌లో వంతెన మీద స్కేలు పెట్టి ఈశాన్యంగా గీత లాగితే నేరుగా శిఖరానికి తగిలింది.

మన ఎనిమిది దిక్కులకీ విడివిడిగా పేర్లుండటం ఎంత హాయో ఇప్పుడు అర్థమైంది. 42 అని వేస్తే ఎవరూ ఆగి చూడరు. ఈశాన్యం అంటే చదివేవాళ్లు చదువుతూనే అటు తిరుగుతారు. ఎత్తు మాత్రం తీసేస్తున్నాను. ఒకే రాయి మీద కూర్చుని తీసిన రెండు ఫోటోల మధ్యే 20 మీటర్ల తేడా చూపిస్తోంది.

తెలుగుపలక:
అయితే కొత్త మాట ఎందుకండీ? ‘నిలిచిన చోటు’, ‘చూసిన దిక్కు’. అయిపోయింది.

తాళపత్రం:
ఇదే బాగుంది. నేనైతే చోటుకి బదులు ‘తావు’ అనేవాణ్ని, కానీ చోటే మేలు.

బాటసారి:
అలాగే రాస్తున్నాను. ‘చిత్రస్థలం’ అన్నిచోట్లా కొట్టేశాను. వంతెన ఫోటో కింద ఇప్పుడిలా ఉంది:

నిలిచిన చోటు: వాగు మీద వంతెన. చూసిన దిక్కు: ఈశాన్యం.

దాని కింద అంకెలు. ఆల్బమ్ చివరి పేజీలో మొత్తం ప్రయాణం గీత వేసి, పైన ‘జాడ’ అని పెడతాను. గుహ ఫోటోల దగ్గర ‘నిలిచిన చోటు: గుహ లోపల, అంకెలు వాకిలివి’ అని చేత్తో రాస్తున్నాను.