సీసా షాంపూ మానేసి బిళ్లకి మారితే నిజంగా లాభమా?

వేపచెట్టు: ఇంట్లోకి వచ్చే ప్లాస్టిక్ తగ్గించాలంటే అన్నిటికన్నా తేలికైన మార్పు షాంపూ బిళ్ల, అంటే సబ్బు బిళ్లలా గట్టిగా ఉండే షాంపూ. సీసా షాంపూలో ముప్పాతిక వంతు దాకా నీళ్లే. ఆ నీళ్లని మోయడానికే సీసా, మూత, పంపు. బిళ్లకైతే కాగితం చుట్టినా సరిపోతుంది. ఇందులో కాదనడానికి ఏముంది?

గళ్లచొక్కా: చాలా ఉంది. సున్నం ఎక్కువున్న నీళ్లలో బిళ్లతో తలంటుకుంటే జుట్టు అట్టకట్టేస్తుంది. దువ్వెన పళ్ల సందుల్లో బూడిదరంగు మైనంలాంటిది పేరుకుంటుంది, గోరుతో గీకితే గానీ రాదు. జనం మళ్లీ సీసాకే వెళ్తున్నారంటే కారణం ఇదే.

రసాయనం77: మీరిద్దరూ చెప్తున్నది ఒకే వస్తువు గురించి కాదు. బిళ్లలు రెండు రకాలు. వెనకాల పదార్థాల పట్టీ చూడండి. సోడియం పామేట్, సోడియం కోకోయేట్, సోడియం ఆలివేట్ అని ఉంటే అది అచ్చం సబ్బు, పీహెచ్ 9 నుంచి 10, అంటే క్షారగుణం ఉన్నది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం దాంతో కలిసి కరగని తెట్టు అవుతుంది. దువ్వెనకి పట్టేది అదే. పట్టీలో మొదట సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ ఉంటే అది సబ్బు కాదు, ఆ నీళ్లలోనూ అలా తెట్టు కట్టదు.
మీ నీళ్లెలాంటివో తెలియాలంటే గాజు సీసాలో సగం నీళ్లు పోసి, చిటికెడు సబ్బు తురుము వేసి గట్టిగా ఊపండి. నురగ నిలవకుండా నీళ్లు పాలలా తెల్లబడితే సున్నం ఎక్కువున్నట్టే. డిటర్జెంట్‌తో చేస్తే మాత్రం ఏమీ తేలదు.

వేపచెట్టు: సబ్బు రకమైనా ఇబ్బంది లేదు. లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి చివర్లో తల మీద పోసుకుంటే తెట్టు వదులుతుంది.

గళ్లచొక్కా: ఆ వెనిగర్ దేంట్లో వస్తుందండీ? చెంచా అంటే 15 మిల్లీలీటర్లు. అరలీటరు సీసా 33 తలస్నానాలకి ఖాళీ. ఒక సీసా మానడానికి ఇంకో సీసా కొనమంటున్నారు.

మబ్బులు: బిళ్ల నాని ముద్దయిపోతోంది, దానికేమైనా ఉపాయం?

రసాయనం77: నాలుగు ముక్కలు చేసి ఒక్క ముక్కే బయట పెట్టండి. కింద నీళ్లు కారిపోయేలా జాలీ ఉన్న పెట్టె వాడండి, షవర్ తుంపర పడనిచోట. తడి చేత్తో రుద్ది, నురగ మాత్రమే తలకి పట్టించండి.

లెక్కలపుస్తకం: అసలు సంగతి వదిలేశారు. ఖాళీ సీసా 30 గ్రాములనుకుందాం. ఇలాంటి సీసాలు చేసే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ తయారీకి, ముడిచమురులోని శక్తితో కలిపి, కిలోకి సుమారు 80 మెగాజౌళ్ల శక్తి పడుతుంది. అంటే సీసాకి 2.4 మెగాజౌళ్లు. పది లీటర్ల నీళ్లని 20 డిగ్రీలు వేడి చేస్తే 0.84. మూడు తలస్నానాల వేడినీళ్లు సీసాని మించిపోతాయి. తలకి పోసుకునే నీళ్ల వేడి తగ్గించుకోండి, ఆ తర్వాత బిళ్ల సంగతి.

వేపచెట్టు: ఎప్పుడూ ఇదే వరస! ఎవరైనా చిన్న మార్పు చేయబోతే చాలు, అంతకన్నా పెద్దది ఇంకోటుందని అడ్డం పడతారు. పెద్దదీ చేయరు, చిన్నదీ చేయనివ్వరు.

లెక్కలపుస్తకం: నేను వద్దన్నానా? బిళ్ల కొనేసి, చేయాల్సింది చేసేశామనుకుని పొగలుకక్కే నీళ్లు అరగంట పోసుకునేవాళ్ల గురించే నా బాధ.

వేపచెట్టు: ఆ వేడి చల్లారిపోతుంది. సీసా చల్లారదు. కాలువలో, మట్టిలో అలాగే పడుంటుంది, ఎండకి పెళుసెక్కి ముక్కలవుతుంది. నాకు పట్టేది ఆ మిగిలిపోయేదే.

లెక్కలపుస్తకం: వేడి చల్లారినా దానికోసం కాల్చిన బొగ్గు పొగ గాల్లో ఉండిపోతుంది కదా. మీకు కంటికి కనిపించే చెత్తే చెత్త, నాకు కనిపించనిదీ చెత్తే. ఇంతసేపూ కొట్లాడింది షాంపూ గురించి కాదు.

వేపచెట్టు: అలాగైతే రెండూ చేయమని చెప్పండి. ఒకటి చూపించి ఇంకోటి కొట్టేయకండి.

మబ్బులు: సీసాలో సగం షాంపూ మిగిలి ఉంటే?

రసాయనం77: వాడేయండి, పారబోయకండి. అడుగున ఉన్నదాంట్లో నీళ్లు కలిపితే అదే రోజు అవగొట్టండి. పాడవకుండా వేసిన మందు పలచబడి బాక్టీరియా పెరుగుతుంది. పంపు పారేయొద్దు. లోపల లోహపు స్ప్రింగు, రెండుమూడు రకాల ప్లాస్టిక్ ఉంటాయి, రీసైక్లింగ్‌లో విడదీయడం కష్టం. కడిగి ఇంకో సీసాకి బిగించుకోండి.

గళ్లచొక్కా: 33 తలస్నానాలకో వెనిగర్ సీసా అన్నాను. దానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.