టైటానియం రేకు మీద నానోట్యూబుల పొర ఊడిపోతోంది, తప్పెక్కడ?

ప్రశ్న:
నమస్కారమండీ. యానోడైజింగ్ (లోహాన్ని ధనధ్రువంగా పెట్టి ద్రావణంలో కరెంటు పంపి దాని మీద ఆక్సైడ్ పొర పెంచడం) పద్ధతిలో టైటానియం ఆక్సైడ్ నానోట్యూబులు, అంటే అతి సన్నని గొట్టాలు, పెంచుతున్నాను. 0.25 మి.మీ. మందం టైటానియం రేకు వాడుతున్నాను. ద్రావణం ఇథిలీన్ గ్లైకాల్, అందులో బరువు ప్రకారం 0.3 శాతం అమ్మోనియం ఫ్లోరైడ్, 2 శాతం నీళ్లు. గ్రాఫైట్ క్యాథోడ్ (రుణధ్రువం), 60 వోల్టులు, 3 గంటలు. తీశాక డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడుతున్నాను. ఆరుతుండగానే పొర అంచులు అప్పడంలా పైకి లేస్తున్నాయి, ముట్టుకుంటే పెచ్చులుగా రాలుతోంది. మిగిలింది ఫర్నేసులో పోతోంది. వోల్టేజి తగ్గించాలా, ద్రావణం మార్చాలా?

జవాబు 1:
రెండూ కదపకండి. పెచ్చులు లేస్తున్నాయంటే పొర బాగానే పెరిగిందన్నమాట. చెడుతున్నది కడుగుడులో, ఆరబెట్టడంలో.

యానోడైజింగ్ జరుగుతున్నంతసేపూ ఫ్లోరైడ్ అయాన్లు ఆక్సిజన్ అయాన్లకన్నా వేగంగా లోపలికి చొరబడతాయి. దాంతో ట్యూబుల అడుగుకూ లోహానికీ మధ్య ఫ్లోరైడ్ నిండిన పలచని పొర పేరుకుంటుంది. అది నీళ్లకు కరుగుతుంది. మీరు నీళ్లతో కడిగినప్పుడల్లా పునాదినే కడిగేస్తున్నారు. దానికి తోడు సందుల్లోని నీరు ఆవిరయ్యేటప్పుడు తలతన్యత ట్యూబులను ఒకదాని మీదికి ఒకటి లాగుతుంది. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, ఇథనాల్‌కి 22 మాత్రమే.

అందుకని కరెంటు ఆపిన వెంటనే రేకు తీసేయండి. ద్రావణంలో వదిలేస్తే ఫ్లోరైడ్ పైనుంచి కొరుకుతూనే ఉంటుంది. ఇథనాల్‌లో 10 నిమిషాలు ముంచి, కొత్త ఇథనాల్‌లో ఇంకో 10 నిమిషాలు ఉంచండి. తర్వాత నిలబెట్టి, మూత వదులుగా పెట్టి, దానంతటది ఆరనివ్వండి. సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో కదిలించి శుభ్రం చేసే తొట్టిలో) పెట్టాల్సి వస్తే కొన్ని సెకన్లే.

3 గంటలు దేనికండీ? పొర మందమయ్యేకొద్దీ లోపలి ఒత్తిడి పెరుగుతుంది, పైకొనలు పలచబడి గడ్డిలా వాలిపోతాయి. ముందు 45 నిమిషాలతో చూడండి.

జవాబు 2:
పై జవాబుకు కొంత చేర్పు. అప్పుడే కలిపిన ద్రావణంలో పొర పట్టు తక్కువ. పనికిరాని టైటానియం ముక్క పెట్టి 60 వోల్టుల దగ్గర ఐదారు గంటలు నడిపాక అసలు రేకు పెట్టండి. ద్రావణంలో కరిగిన టైటానియం వల్ల ఫ్లోరైడ్ దూకుడు తగ్గుతుంది.

100 మి.లీ.కి 98 మి.లీ. గ్లైకాల్, 2 మి.లీ. నీళ్లు, 0.33 గ్రాముల అమ్మోనియం ఫ్లోరైడ్. ముందు ఉప్పును ఆ 2 మి.లీ.లో కరిగించి, తర్వాత గ్లైకాల్ పోయండి. గ్లైకాల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి విశాఖ, కాకినాడ లాంటి చోట సీసా మూత తీసి ఉంచకండి. నీటి శాతం పెరిగితే ట్యూబులు పొట్టివవుతాయి.

కరెంటు మీద కన్నేసి ఉంచండి. మొదట గబగబా పడిపోవాలి, కాస్త లేవాలి, తర్వాత నిలకడగా సాగాలి. ఆ లేవడమే రంధ్రాలు పడుతున్నాయనడానికి గుర్తు. లేవకుండా పడుతూనే ఉంటే ఫ్లోరైడ్ చాలలేదు. తగ్గకుండా పెరిగిపోతుంటే రేకును పట్టిన క్లిప్పు ద్రావణానికి తగులుతోందేమో చూడండి.

గాజు బీకరు వద్దు, ఫ్లోరైడ్ గాజును తింటుంది. పాలీప్రొపిలీన్ వాడండి. ఈ ద్రావణం చేతికి తగిలితే మొదట్లో నొప్పి తెలియదు, కానీ ఎముకదాకా పోగలదు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ (ఫ్లోరైడ్ తగిలిన చోట పూసే మందు) పక్కన లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇథనాల్‌తో కడిగాక పొర నిలిచిందండీ, చాలా థ్యాంక్స్. ఫర్నేసుకు భయపడి వేడి చెయ్యకుండానే, వెలుతురులో రంగును విరగ్గొడుతుందేమో చూద్దామని మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ద్రావణంలో వేసి ఎండలో పెట్టాను. రంగు సరిగ్గా విరగడం లేదు.

జవాబు 1:
వేడి చెయ్యకపోతే ఆ ట్యూబులకు స్ఫటిక నిర్మాణం ఉండదు, వెలుతురులో పని చెయ్యవు. నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 450 డిగ్రీలకు తీసుకెళ్లి 2 గంటలు ఉంచండి. అనటేజ్ అనే స్ఫటిక రూపం వస్తుంది. ఫర్నేసు తలుపు తెరవకుండా లోపలే చల్లారనివ్వండి. 10 డిగ్రీల చొప్పున ఎక్కిస్తే మళ్లీ పెచ్చులే. 550 దాటితే కింది లోహం వైపు నుంచి రూటైల్ అనే మరో స్ఫటిక రూపం మొదలవుతుంది, 700 దగ్గర గొట్టాలే కూలిపోతాయి.

అనటేజ్‌కి 388 నానోమీటర్లకన్నా తక్కువ తరంగదైర్ఘ్యం కావాలి. ఎండలో ఆ భాగం తక్కువ, కాబట్టి 365 నానోమీటర్ల దీపం మేలు. దీపం వేసే ముందు 30 నిమిషాలు చీకట్లో ఉంచితే పీల్చుకునే రంగు పీల్చుకుంటుంది. రేకు లేని గిన్నె కూడా పక్కన పెట్టండి, ఎందుకంటే మిథిలీన్ బ్లూ వెలుతురుకు తనంతట తానూ కొంత విరుగుతుంది.

మరొకరి ప్రశ్న:
ఎముకలో బిగించే ఇంప్లాంట్ స్క్రూల మిశ్రలోహం మీద కూడా ఇదే పద్ధతా?

జవాబు 2:
టైటానియంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపిన రకమైతే పొర ఒక్కలా రాదు. వెనేడియం ఎక్కువున్న భాగం (దాన్ని బీటా అంటారు) ముందే కరిగి అక్కడక్కడ గుంటలు పడతాయి. మైక్రోస్కోపులో ట్యూబుల చేలో చెలమల్లా కనిపిస్తాయి. ఎముక కణాల కోసమైతే పొడవాటి ట్యూబులు అక్కర్లేదు, మైక్రాను లోపు చాలు. నీళ్లలో కలిపిన ఫ్లోరైడ్ ద్రావణంలో 5 వోల్టుల దగ్గర సుమారు 20 నానోమీటర్ల వ్యాసం, 20 వోల్టుల దగ్గర 100కు దగ్గరగా వస్తుంది. జర్మనీలోని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయ బృందం 2007లో మూలకణాలతో చూసినప్పుడు 15 నానోమీటర్ల ట్యూబుల మీద బాగా అతుక్కున్నాయి, 100 నానోమీటర్ల వాటి మీద చాలా కణాలు చనిపోయాయి. పెద్ద వ్యాసమే మేలని తేల్చిన ప్రయోగాలూ ఉన్నాయి, అందుకని ఒకే వ్యాసం మీద ఆధారపడకుండా మూడు వోల్టేజిల్లో నమూనాలు చేసుకోండి. కణాలు వేసే ముందు 450 డిగ్రీల అనీలింగ్ (పైన చెప్పినట్టు వేడి చేసి నిదానంగా చల్లార్చడం) తప్పనిసరి. అది లేకుండా తడిలో రోజుల తరబడి ఉంచితే ట్యూబులు కరిగి రేణువులుగా మారిపోతాయి.