అంబాసిడర్‌కి ఐదో గేరు పెట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నాన్నగారి 1984 అంబాసిడర్ మార్క్ 4 ఇప్పుడు నా దగ్గరుంది. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, నాలుగే గేర్లు. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు 80 దాటితే ఇంజిన్ ఒకటే రొద, పక్క సీట్లో అమ్మ మాట కూడా వినిపించదు. నాకు స్పీడ్ అక్కర్లేదు, అదే 80లో ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే చాలు.

మెకానిక్ రెండు దారులు చెప్పాడు. ఒకటి, వెనక హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ (వెనక చక్రాలను తిప్పే పళ్ల చక్రాల జత) రేషియో మార్చడం. కానీ అప్పుడు అన్ని గేర్లూ బరువెక్కుతాయి, ఘాట్ రోడ్డు మీద ఫస్ట్ గేరులో లాగుతుందా అని భయం. పైగా స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది కాబట్టి మీటర్ తప్పు చూపిస్తుంది. రెండోది, ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన 1800 మోడల్ ఐదు గేర్ల బాక్స్ బిగించడం. నా మనసు దీనిమీదే ఉంది.

పాత ఇంజిన్‌కి ఆ బాక్స్ కలపాలంటే బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే తొడుగు), క్లచ్ ప్లేట్ ఏం చేశారు? గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించాల్సి వచ్చిందా? స్టీరింగ్ కిందున్న గేరు రాడ్ ఉంచుకోవచ్చా? దాని నాబ్ నాన్నగారి చేతికి అరిగి నున్నగా అయింది, అది తీసేయడానికి మనసు రావడం లేదు. చేయించినవాళ్లు దయచేసి చెప్పండి.