విండోస్ ఫైల్స్ బాగుచేసే ఎస్‌ఎఫ్‌సీ కమాండ్ కొట్టినా అవి మళ్లీ పాడవుతున్నాయి. విండోస్ తప్పా, హార్డ్ డిస్క్ తప్పా?

అక్కయ్యపాలెం_ఫొటో: స్టూడియో పీసీ, విండోస్ 10, పాత 1 టీబీ హార్డ్ డిస్క్. పెళ్లి ఆల్బమ్ ఫోల్డర్ తెరిస్తే బిగుసుకుపోతోంది, ఒక్కోసారి బ్లూ స్క్రీన్. ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కొడితే పాడైన ఫైల్స్ దొరికాయి, బాగుచేశానంది. వారం తిరక్కుండా మళ్లీ అదే గొడవ. డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ పెట్టమంటున్నారు. పెట్టనా?

గాజువాక_సర్వీస్: పెట్టండి. కానీ ముందు డిస్మ్ రీస్టోర్‌హెల్త్ అనే కమాండ్ కొట్టండి. విండోస్ దాచుకున్న నకళ్ల నుంచే ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైలు తెచ్చుకుంటుంది. ఆ నకలే పాడైతే ఏం తెస్తుంది? డిస్మ్ దాన్ని నెట్ నుంచి సరిచేస్తుంది. తర్వాత ఎస్‌ఎఫ్‌సీ, చివర్లో చెక్‌డిస్క్ కమాండ్‌కి /ఆర్ తగిలించి రాత్రికి వదిలేయండి. హడావిడిగా డిస్క్ కొనకండి.

సీతమ్మధార_మాస్టారు: ఆగండాగండి. బాగుచేసినవి వారంలో మళ్లీ ఎందుకు పాడయ్యాయో చూడరా? డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో 05, సీ5, సీ6 వరసల చివర ఏముందో చెప్పండి. చెడిన, చెడేలా ఉన్న సెక్టార్ల (డిస్క్ మీది చిన్న గళ్ల) లెక్కలవి. చెక్‌డిస్క్ ఆర్ అంటే డిస్క్ మొత్తం చదివించడం. కొన ఊపిరితో ఉన్నవాణ్ణి కైలాసగిరి మెట్లెక్కించినట్టు.

రైల్వే_కాలనీ: కరెంటు టక్కున పోయినా ఫైల్స్ పాడవుతాయి. యూపీఎస్ ఉందా?

అక్కయ్యపాలెం_ఫొటో: యూపీఎస్ ఉంది. 05లో అన్నీ సున్నాలే. సీ5 చివర 28. పసుపు రంగులో కాషన్ అని ఉంది. విండోస్ ఎర్రర్లు రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ పేరుతో 7 నంబరు ఎర్రర్లు బోలెడు.

గాజువాక_సర్వీస్: ఇంత పెద్ద డిస్క్‌లో 28 సెక్టార్లు ఒక లెక్కా?

సీతమ్మధార_మాస్టారు: 28 కాదు. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా హెక్సాలో, అంటే పదహార్ల లెక్కలో చూపిస్తుంది. మన లెక్కలో 40.

గాజువాక_సర్వీస్: 28 అయితే ఏంటి, 40 అయితే ఏంటి మాస్టారూ? అవి పెండింగ్ సెక్టార్లు, చదవలేక డిస్క్ అనుమానంలో పెట్టినవి. మళ్లీ రాసినప్పుడు రాత నిలిస్తే లెక్క తగ్గుతుంది. గుడ్ అని చూపిస్తూనే చచ్చిన డిస్కులు నా టేబుల్ మీద చాలా ఉన్నాయి.

సీతమ్మధార_మాస్టారు: గుడ్ అంటే నమ్మొద్దన్నారు, సరే. కాషన్ అన్నా నమ్మొద్దా? 7 నంబరు ఎర్రరంటే బ్యాడ్ బ్లాక్, చెడిపోయిన చోటు ఉందని విండోసే మొత్తుకుంటోంది. ఇలాగే ఒక షాపుకి ఇస్తే డేటా కావాలా అని అడక్కుండానే విండోస్ మళ్లీ వేశారు. ఆ పనిలోనే డిస్క్ ఆగిపోయింది. మా నాన్నగారి ఫొటోలు అందులోనే ఉన్నాయి. మీలాంటివాళ్లే!

గాజువాక_సర్వీస్: మాటలు జాగ్రత్త. బ్యాకప్ తీసుకోనిది మీరు, తిట్లు మాకా? అసలు సంగతి వినండి. డిస్క్ పోతోందని చెప్తే "చూసినందుకు డబ్బులేంటి" అంటారు. విండోస్ వేస్తే ఇస్తారు. డేటా కాపీకి పూటంతా కూర్చోవాలి, మధ్యలో ఆగిపోతే "నువ్వే పాడుచేశావ్" అని కొట్లాట.

సీతమ్మధార_మాస్టారు: అది మీ రేట్ల గొడవ. డేటా కావాలా వద్దా అని ఒక్క మాట అడిగి, కాగితం మీద రాయించుకోండి.

గాజువాక_సర్వీస్: రాయించుకుంటే పక్క షాపుకి పోతారు.

రైల్వే_కాలనీ: పెట్టనా వద్దా అని అడిగినాయన ఇంకా కూర్చునే ఉన్నాడు బాబూ.

సీతమ్మధార_మాస్టారు: పెట్టొద్దు. పీసీ ఆపేసి, డిస్క్ వేరే సిస్టమ్‌కి తగిలించి ముందు ఆల్బమ్స్ కాపీ చేయండి. మధ్యలో మొండికేస్తే డీడీరెస్క్యూ అనే డేటా తీసే సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లకివ్వండి. అది తేలిగ్గా చదవగలిగినవి ముందు తీసి, కష్టమైన చోట్లు చివరికి వదులుతుంది. విండోస్ కొత్త డిస్క్ మీదే వేయించండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కూడా.

గాజువాక_సర్వీస్: కాపీ అయ్యాక చెక్‌డిస్క్ పెడితే తప్పేంటి?

సీతమ్మధార_మాస్టారు: అప్పుడు సుత్తి పెట్టి కొట్టుకోండి, నాకేం?

అక్కయ్యపాలెం_ఫొటో: డిస్క్ విప్పేశాను. డీడీరెస్క్యూ నడిపేవాళ్లు ద్వారకానగర్ వైపు ఉన్నారా? ఎంత తీసుకుంటారు?

గాజువాక_సర్వీస్: చూసినందుకా, డేటా తీసినందుకా?