గేదెల దాణాలో వంట సోడా కలపవచ్చా? ఎంత?

పాడి పశువుల పెంపకంలో అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వండి. మాది గుంటూరు దగ్గర పల్లె. ఇంట్లో ముర్రా గేదెలు ఉన్నాయి. వరిగడ్డి, జొన్న చొప్ప, తవుడు, పత్తి చెక్క పెడతాం. పచ్చిగడ్డి తగ్గి దాణా పెరిగినప్పుడల్లా ఒక గేదె నెమరు వేయడం తగ్గిస్తోంది, పేడ పలచబడుతోంది, పాలలో వెన్న శాతం పడిపోతోంది. పిండి పదార్థం ఎక్కువై కడుపులో పులుపు పెరిగితే ఇలా అవుతుందని, వంట సోడా ఆ పులుపును విరుస్తుందని తెలుసు. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం తిన్న పశువులు ఇందుకే ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి. అలాంటప్పుడు పశువైద్యుణ్ణి పిలవాల్సిందే, సోడాతో సరిపెట్టకూడదు.

నా సందేహం రోజువారీ వాడకం గురించి. పాడి ఆవులకు రోజుకు 100 నుంచి 200 గ్రాములు దాణాలో కలుపుతారని చదివాను. గేదెకూ అంతేనా? రెండు పూటలా పంచాలా, లేక తొట్టిలో విడిగా పెడితే అదే నాకుతుందా? ఈనడానికి సిద్ధంగా ఉన్న చూడి గేదెకు సోడా పెడితే ఈనిన తర్వాత పాలజ్వరం (రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) ముప్పు పెరుగుతుందంటారు. దాన్ని ఎన్ని వారాల ముందు ఆపుతున్నారు?

ఇంకొకటి. పాల క్యాన్ల పులిసిన వాసన పోవడానికి అమ్మ ఇదే సోడాతో తోముతుంది. పాలలో సోడా కలపడం కల్తీ కాబట్టి, క్యాన్‌లో కాస్త మిగిలినా పాల సేకరణ కేంద్రంలో పరీక్షకు దొరుకుతుందేమోనని భయం. వేడినీళ్లతో రెండుసార్లు కడిగితే చాలా?